‘అన్నీ ఒరిజినల్ పార్ట్సే’ అంటున్నారు, ఆ పాత పియానో కొనమంటారా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నాలుగేళ్లుగా డిజిటల్ కీబోర్డు మీద పియానో నేర్చుకుంటోంది. ఇక అసలు పియానో కొనక తప్పదని టీచర్ అన్నారు. పెన్సిల్వేనియాలో ఒక షాపులో 1928 నాటి స్టైన్‌వే మోడల్ ఎం గ్రాండ్ పియానో చూశాం. ‘పూర్తిగా రీస్టోర్ చేసినది, అన్నీ జెన్యూన్ ఒరిజినల్ పార్ట్స్’ అని దాని మీద కార్డు పెట్టారు. ధర 29 వేల డాలర్లు. అందులో సగం అప్పు చేయాలి. ఇందులో ఐదో వంతు ధరకే ఒక వాడిన యమహా యూ1 పియానో కూడా దొరుకుతోంది. మావారి మనసంతా స్టైన్‌వే మీదే ఉంది. మా అత్తయ్యగారేమో ‘ఎవరెవరు వాడి వదిలేశారో, అంత పాత వస్తువు ఇంట్లోకి ఎందుకమ్మా’ అంటున్నారు. నాలుగైదేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోవాలని కూడా ఆలోచన ఉంది. అప్పుడు పియానో వెంట తీసుకెళ్లవచ్చా? ఈ ‘ఒరిజినల్’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి)

సమాధానం: ముందు ఆ కార్డు మీద రాసిన మాటే చూద్దాం. మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది.

‘ఒరిజినల్’ అన్న మాటను మనం రెండు అర్థాల్లో వాడతాం. ఫోన్ రిపేరుకు ఇచ్చి ‘డిస్‌ప్లే ఒరిజినలేనా?’ అని అడిగితే, డూప్లికేట్ కాదు కదా, కంపెనీదే కదా అని అర్థం. ‘తాతగారి ఇంటి తలుపులు ఇంకా ఒరిజినల్‌వే’ అంటే, కట్టినప్పుడు పెట్టినవే ఇప్పటికీ ఉన్నాయని అర్థం. పియానో అమ్మేవాళ్లు ఈ రెండు అర్థాలనూ ఒకే కార్డు మీద కలిపేస్తారు. 1928లో బిగించిన తీగలు, వాటిని కొట్టే చిన్న సుత్తుల్లాంటి హామర్లు, మెత్తని ఉన్ని ఫెల్టులు ఇప్పటికీ అలాగే ఉంటే ఆ పియానోను పూర్తిగా రీస్టోర్ చేయలేదన్నట్టే. పూర్తిగా రీస్టోర్ చేశారంటే అవన్నీ తీసేసి కొత్తవి వేశారన్నట్టే. కాబట్టి ‘ఒరిజినలేనా?’ అని అడగకండి, అవునంటారు, అంతే. ఏ భాగం 1928 నాటిది, ఏది మార్చారు, మార్చినది ఎవరు తయారుచేసినది, ఎప్పుడు, ఎవరు వేశారు అని ఒక్కొక్క భాగం పేరు చెప్పి అడగండి.

బొబ్బిలి వీణ ఉన్న ఇళ్లవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. పనస దుంగను తొలిచి చేసిన కుండ, దండి తరాలు మారినా అవే ఉంటాయి. తీగలు తెగుతుంటాయి, మారుస్తారు. మైనం పాతబడితే 24 మెట్లూ తీసి మళ్లీ కట్టిస్తారు. అలా కట్టించినందువల్ల అది అమ్మమ్మ వీణ కాకుండా పోదు. కానీ మెట్లు కట్టడం చేతకానివాడి చేతికిస్తే ఎంత గొప్ప కుండైనా అపస్వరమే పలుకుతుంది. పియానోలోనూ పాతదే ఉండాల్సిన భాగాలు కొన్ని, మార్చి తీరాల్సిన భాగాలు కొన్ని. ‘అన్నీ ఒరిజినల్’ అనడంలో ఈ తేడా కనపడకుండా పోతుంది.

పాతవే ఉండాల్సినవి రెండు. ఒకటి, పియానో చుట్టూ వంచి బిగించిన మందపాటి చెక్క చట్రం, దాన్ని రిమ్ అంటారు. రెండోది, లోపల బంగారు రంగులో కనపడే పోత ఇనుప ప్లేటు. గ్రాండ్ పియానోలో సుమారు 230 తీగలు ఉంటాయి. అవన్నీ కలిసి లాగే బలం 18 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. ఆ బరువంతా మోసేవి ఈ రెండే. ప్లేటు మీద ఆరు అంకెల సీరియల్ నంబరు ఉంటుంది. కంపెనీ ప్రచురించిన పట్టికలో చూస్తే అది 1928 దగ్గర తేలాలి. మోడల్ ఎం పొడవు 5 అడుగుల 7 అంగుళాలు, టేపు పెట్టి కొలిచి చూడండి. ప్లేటుకు పగులు ఉంటే ఇంకేమీ చూడనక్కర్లేదు, వదిలేయండి.

సౌండ్‌బోర్డు విషయంలో నిపుణుల మధ్యే అభిప్రాయభేదం ఉంది. అది స్ప్రూస్ చెక్కతో చేసిన పెద్ద పలుచని పలక, తీగ ధ్వనిని పెంచి గదినంతా నింపేది అదే. పాత పలక బాగుంటే దాన్నే ఉంచాలనే పనివాళ్లు ఉన్నారు. వందేళ్ల పలకను మార్చి తీరాలనేవాళ్లూ ఉన్నారు. రెండు పద్ధతుల్లోనూ చక్కగా పలికే పియానోలు విన్నాను, అందుకే ఈ విషయంలో నాకు పట్టుదల లేదు. పలకకు చీలికలు కనపడితే భయపడకండి. చీలికను సన్నని చెక్కతో పూడ్చి, పలక అడుగున ఉండే చెక్క పట్టీలు దానికి గట్టిగా అతుక్కుని ఉంటే ధ్వనికి లోటుండదు. పలకకు మధ్యలో కొద్దిపాటి ఉబ్బు మాత్రం ఉండాలి. పియానో కింద పడుకుని, పొడవైన పట్టీ ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒక దారం బిగించి పట్టుకోండి. మధ్యలో దారానికీ చెక్కకూ నడుమ కొన్ని మిల్లీమీటర్ల సందు కనపడాలి. దారం పొడవునా చెక్కకు ఆనుకుందంటే ఆ పలక చదునైపోయింది. కొత్త పలక వేశామంటే, ఫ్యాక్టరీలో వేశారా, బయటి వర్క్‌షాపులో వేశారా అని అడగండి. పలక మీద కంపెనీ ముద్ర కనపడినంత మాత్రాన ఆ ప్రశ్న మానకండి, స్టిక్కర్ ఎవరైనా అంటించగలరు.

నన్ను ఎక్కువ భయపెట్టేది పిన్ బ్లాక్. తీగలను చుట్టి బిగించే ట్యూనింగ్ పిన్నులన్నీ దిగగొట్టి ఉండేది ఈ మేపుల్ చెక్క దిమ్మలోనే. గ్రాండ్‌లో అది ప్లేటు కింద దాగి ఉంటుంది, మామూలుగా కంటికి కనపడదు. చెక్క ఎండి లోపల పొరలు విడితే పిన్నులకు పట్టు పోతుంది, శ్రుతి నిలవదు. నేను కొన్న మొదటి పియానో ఒక పాత అప్‌రైట్, అంటే తీగలు నిలువుగా ఉండే రకం. ‘పిన్నులు అన్నీ గట్టిగా ఉన్నాయి, పని అంతా చేయించాం’ అని అమ్మినవాళ్లు చెప్పారు. ట్యూన్ చేయించిన పదిహేను రోజులకే సగం స్వరాలు దిగిపోయాయి. రెండోసారి వచ్చిన ట్యూనర్ పిన్ను మీద లివర్ పెట్టి తిప్పి చూపించారు. మజ్జిగలో కవ్వం తిరిగినట్టు తిరిగింది. చెక్క ఉబ్బి పిన్నులను పట్టుకోవడానికి ఏదో ద్రవం పూశారు, పిన్నుల చుట్టూ నల్లటి మరకలు ఉన్నాయి. అవి కొనేటప్పుడూ ఉన్నాయి, నేనే చూసి కూడా దుమ్మనుకున్నాను. కొత్త పిన్ బ్లాక్ వేయించాలంటే పియానో కొన్న ధర కంటే ఎక్కువ అడిగారు. దాన్ని వదిలేసుకోవాల్సి వచ్చింది. ఆ రోజు పడ్డ బాధ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పిన్ బ్లాక్ కొత్తదని వాళ్లు చెబితే, ప్లేటు పైకి ఎత్తి పని చేస్తున్నప్పటి ఫొటోలు అడగండి. నిజంగా రీబిల్డ్ చేసేవాళ్లు ఈ ఫొటోలు దాచిపెట్టుకుంటారు, అడిగితే సంతోషంగా చూపిస్తారు. ఫొటోల్లో ప్లేటు మీది సీరియల్ నంబరు కనపడితే మరీ మంచిది. ఫొటోలు లేవు, బిల్లులు లేవు, చేసిన మనిషి ఇప్పుడు లేడు అంటే, పని జరగలేదని నేను అనను, కానీ జరిగిన పనికి ఇచ్చే ధర మాత్రం ఇవ్వకండి. పైపూత అద్దంలా మెరుస్తున్నా దానికి మోసపోవద్దు. పెట్టె పాలిష్ చేయించి, తీగలు తుడిచి, ‘రీస్టోర్డ్’ అని రాసేవాళ్లు ఉన్నారు. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి చోటే నిజమవుతుంది. రీకండిషన్ చేయడమంటే శుభ్రం చేసి, సరిచేసి, అవసరమైన చోట భాగాలు మార్చడం. రీబిల్డ్ అంటే పూర్తిగా విప్పి, అరిగినవన్నీ మార్చి, కొలతల ప్రకారం తిరిగి కట్టడం. ‘రీస్టోర్డ్’ అన్న మాట ఈ రెండింట్లో దేనికైనా వాడేస్తారు. మీరు చూసినది ఏ రకమో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక కీ నొక్కితే హామర్‌ను తీగ మీదికి విసిరే యంత్రాంగం, దాన్ని యాక్షన్ అంటారు. మీ అమ్మాయి వేళ్లకు రోజూ తెలిసేది ఇదే. ఇక్కడ ‘1928 నాటివే’ అని చెబితే సంతోషించకండి. ఆ కాలపు స్టైన్‌వే యాక్షన్లలో ఒక జబ్బు తరచుగా కనపడుతుంది. భాగాలు కదిలే చోట ఇరుసులా ఉండే సన్నని పిన్నుల చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టి, కదలిక జిగటగా మారుతుంది. చెక్క భాగాలకు ఆ రోజుల్లో పట్టించిన మైనం లాంటి పదార్థం వల్ల వచ్చే సమస్య అది. శుభ్రం చేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ వస్తుంది. ఆ భాగాలు మార్చడమే మందు. పాతవి అంటే ఎప్పుడూ మంచివని, కంపెనీవి అంటే ఎప్పుడూ మేలని కూడా అనుకోవద్దు. 1960ల మొదట్లో న్యూయార్క్ స్టైన్‌వే ఫ్యాక్టరీ ఆ ఇరుసు పిన్నుల చుట్టూ ఫెల్టు తీసేసి టెఫ్లాన్ గొట్టాలు వాడింది, 1980ల మొదట్లో మానేసింది. వాతావరణంలో తేమ మారినప్పుడల్లా అవి టిక్ టిక్‌మనేవి. అవి నూటికి నూరుపాళ్లు కంపెనీ భాగాలే. అయినా ఆ పియానోలు కొన్నవాళ్లు చాలామంది వాటిని తీయించేశారు.

యాక్షన్‌లో కొత్త భాగాలు వేసి ఉంటే, అవి స్టైన్‌వేవా, జర్మనీలోని రెన్నర్‌వా, వేరేవా అని తెలుసుకోండి. రెన్నర్ 1882లో మొదలైన సంస్థ, 2019లో స్టైన్‌వే దాన్ని కొనేసింది కూడా. ఆబెల్ హామర్లు వాడే మంచి వర్క్‌షాపులూ ఉన్నాయి. తన భాగాలు లేనిది తన పియానో కాదని స్టైన్‌వే కంపెనీ గట్టిగా ప్రచారం చేస్తుంది. దానికి వ్యాపార కారణం ఉంది, కానీ మాటలో కొంత సత్యమూ ఉంది. పన్నెండు వేలకు పైగా భాగాలు ఒకదానికొకటి కొలత కుదరాలి కదా. నా మటుకు నాకు, కంపెనీ పేరు కంటే కుదిరిందా లేదా అన్నదే ముఖ్యం. పాత కీలకు బరువైన కొత్త హామర్లు వేస్తే, కీ కొలతలు కుదరక స్పర్శ రాయిలా బరువెక్కుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల చేతులకు అది నొప్పి తెప్పిస్తుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. అమెరికా నికెల్ నాణెం బరువు సరిగ్గా 5 గ్రాములు. పది నాణేలు ఒకదాని మీద ఒకటి పేర్చి టేపు చుట్టండి, 50 గ్రాముల తూకం తయారవుతుంది. కుడి పెడల్ తొక్కి పట్టుకుని, నడిమి సీ కీ ముందు అంచు దగ్గర ఆ దొంతర పెట్టండి. కీ నెమ్మదిగా కిందికి దిగాలి. మధ్య భాగంలో సుమారు 50 గ్రాములు మామూలు లెక్క. పద్నాలుగు నాణేలు పెట్టినా దిగకపోతే ఆ యాక్షన్ బరువుగా ఉంది. పక్కపక్క కీలలో ఒకటి తేలిగ్గా, ఇంకొకటి బరువుగా ఉన్నా పని సరిగా జరగలేదనే అర్థం. ఆ తర్వాత మీ అమ్మాయిని చాలా మెల్లగా, పిల్లిపాదాల మీద నడిచినట్టు వాయించమనండి. గట్టిగా వాయిస్తే ఏ పియానో అయినా గంభీరంగానే ఉంటుంది. మెల్లగా వాయించినప్పుడు కొన్ని స్వరాలు పలక్కుండా పోతే, యాక్షన్ సర్దుబాటు కుదరలేదని తెలుస్తుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మీ నిర్ణయాన్ని నిజంగా మార్చేది ఇదే అనిపిస్తోంది. 1928 నాటి స్టైన్‌వే కీల మీద తెల్లని పైపొర చాలావరకు ఏనుగు దంతమే. స్టైన్‌వే 1950ల నడుమ వరకు దాన్ని వాడింది. రీస్టోర్ చేసేటప్పుడు కొందరు దాన్ని తీసేసి ప్లాస్టిక్ వేస్తారు. కొందరు ‘ఒరిజినల్ ఐవరీ’ అని గొప్పగా చెప్పి ఉంచేస్తారు. పోల్చుకోవడం తేలిక. దంతమైతే ఒక్కో తెల్ల కీ మీద పొర రెండు ముక్కలుగా ఉంటుంది, నల్ల కీలు మొదలయ్యే చోట అడ్డంగా సన్నని గీత కనపడుతుంది. వెలుతురులో ఏటవాలుగా చూస్తే చెక్కలో ఉన్నట్టు సన్నని రేఖలూ ఉంటాయి. 1989లో, అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. అమెరికాలో రాష్ట్రాలు దాటి అమ్మడం మీద 2016 నుంచి ఫెడరల్ నిబంధనలు చాలా గట్టివి అయ్యాయి. న్యూజెర్సీ అయితే 2014లోనే దంతం అమ్మకానికీ, రాష్ట్రంలోకి తీసుకురావడానికీ వ్యతిరేకంగా సొంత చట్టం చేసింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ తర్వాత ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా నిషేధంలోకి వచ్చింది. దంతపు కీలతో పియానోను ఓడలో ఎక్కించి హైదరాబాద్ తీసుకెళ్దామని మాత్రం అనుకోకండి. అలాంటి కీలు ఉంటే, డబ్బు కట్టకముందే షాపువాళ్లనే మార్చమనండి, మార్చినట్టు బిల్లులో రాయించండి. ఏనుగులు ఎన్ని చచ్చాయో తలుచుకుంటే, ఈ ఒక్క ‘ఒరిజినల్’ పోయినందుకు ఎవరూ బాధపడనక్కర్లేదు.

కీలు మార్చినా హైదరాబాద్ ప్రయాణం చిన్న పని కాదు. మోడల్ ఎం బరువు సుమారు 250 కిలోలు. ఓడలో వారాల పాటు తేమ, దిగాక ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోయిన గాలి, జూన్ నుంచి వానల చెమ్మ. కొత్తగా అతికించిన సౌండ్‌బోర్డుకూ, పిన్ బ్లాక్‌కూ ఇది పరీక్షే. గ్రాండ్ యాక్షన్‌ను విప్పి సరిచేయగల మనిషి మీ ఇంటి దగ్గర దొరకాలి కూడా. వెళ్లేది ఖాయమైతే, ఇక్కడే అమ్మేసి వెళ్లడం మేలు. అప్పుడు కూడా మీ దగ్గర కాగితాలు, ఫొటోలు ఉంటేనే మంచి ధర వస్తుంది.

ఇప్పుడు యమహా యూ1. ఇది 121 సెంటీమీటర్ల ఎత్తున్న అప్‌రైట్. అమెరికాలో సెకండ్ హ్యాండ్ వాటిలో చాలావరకు జపాన్‌లో వాడి తెచ్చినవే. జపాన్ మార్కెట్ కోసం చేసిన పియానోలు అమెరికా ఇళ్ల పొడిగాలికి తగినట్టు చెక్క ఆరబెట్టి చేసినవి కావని యమహానే హెచ్చరిస్తుంది. అమ్మేవాళ్లు ఒప్పుకోరు. తేమ జాగ్రత్తగా చూసుకున్న ఇళ్లలో అవి ఏళ్ల తరబడి బాగానే పనిచేయడం చూశాను. పైమూత ఎత్తితే సీరియల్ నంబరు కనపడుతుంది, దాంతో తయారైన ఏడాది తెలుసుకోండి. హామర్ ఫెల్టు మీద తీగలు కోసిన గాట్లు లోతుగా ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఒకే కీని చాలా వేగంగా పదే పదే పలికించడంలో మాత్రం గ్రాండ్‌కే పైచేయి. సెబాస్టియన్ ఎరార్ 1821లో కనిపెట్టిన ఏర్పాటు వల్ల గ్రాండ్‌లో కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ కొట్టవచ్చు. తొమ్మిదేళ్ల అమ్మాయికి ఆ లోటు ఇంకా కొన్నేళ్లు తెలియదు.

నన్ను అడిగితే, మీ పరిస్థితిలో యూ1 తీసుకోమంటాను. నాలుగైదేళ్లలో వెళ్లిపోయే ఆలోచన ఉన్నవాళ్లు పద్నాలుగున్నర వేల డాలర్లు అప్పు చేసి, తీసుకెళ్లలేని పియానో కొనడం నాకు సరైనదిగా అనిపించడం లేదు. అప్పు లేకుండా, ఇక్కడే ఉండిపోయేవాళ్లు అడిగి ఉంటే, తనిఖీలో నెగ్గితే ఆ స్టైన్‌వేనే తీసుకోమనేదాన్ని. మీవారి కోరికను తేలిగ్గా తీసుకోకండి. మంచి మోడల్ ఎం పలికే తీరు వింటే ఎవరి మనసైనా దాని మీదికే పోతుంది. అమ్మాయికి పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చి, ఇంకా అదే ఇష్టంతో వాయిస్తుంటే అప్పుడు గ్రాండ్ గురించి ఆలోచించవచ్చు.

ఏది కొన్నా, షాపుతో సంబంధం లేని టెక్నీషియన్ చేత చూపించండి. పియానో టెక్నీషియన్స్ గిల్డ్ అని ఒక సంఘం ఉంది. రాతపరీక్ష, మరమ్మతు పరీక్ష, ట్యూనింగ్ పరీక్ష మూడూ నెగ్గినవాళ్లకు ఆర్‌పీటీ (రిజిస్టర్డ్ పియానో టెక్నీషియన్) అనే హోదా ఇస్తుంది. మీ ప్రాంతంలో అలాంటివాళ్లు తప్పకుండా దొరుకుతారు. 29 వేల పక్కన వాళ్ల ఫీజు లెక్కలోకే రాదు. పిన్నుల పట్టు కొలిచి, రాతపూర్వకంగా రిపోర్టు ఇమ్మనండి. ‘మా షాపు టెక్నీషియన్ చూశాడు కదా, బయటివాళ్లు ఎందుకు’ అని షాపువాళ్లు అభ్యంతరం చెబితే బయటికి వచ్చేయండి.

మీ అత్తయ్యగారి మాట గురించి కూడా చెప్పాలి. ఎవరో వాడిన వస్తువు అన్న బెరుకు మన ఇళ్లలో సహజం, దానితో వాదించకండి. ఆమెనూ షాపుకు తీసుకెళ్లండి. పిల్ల వాయిస్తుంటే పక్కన కూర్చోబెట్టండి. మీకు పరిచయమున్న ఇంట్లో పాత వీణ ఉంటే దాని సంగతి గుర్తుచేయండి. తరాలుగా చేతులు మారిన వాద్యాన్ని మనవాళ్లు కళ్లకద్దుకునే తీసుకుంటారు.

ఇంటికి వచ్చాక హీటర్ గాలి తగిలే చోట పియానో పెట్టకండి. న్యూజెర్సీ చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని పియానో దగ్గర పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా హ్యూమిడిఫైయర్‌తో చూసుకోండి. తెచ్చిన రోజే ట్యూనర్‌ను పిలవకండి. చెక్క మీ ఇంటి గాలికి అలవాటు పడేదాకా రెండు మూడు వారాలు ఆగండి. శ్రుతి కాస్త తప్పినా ఈలోపు అమ్మాయిని వాయించుకోనివ్వండి.